ఖాళీ కుర్చీ ఇచ్చిన ఆర్డరు

"అయిదింటికి పోలీసులొస్తారు. ఈలోగా మీరు అడగాల్సినవి అడిగేసుకోండి," అన్నాడు జనరల్ మేనేజర్, చుట్టాలకి పడగ్గది చూపించినంత మర్యాదగా తలుపు తీసి పట్టుకుని.

"మీరూ కూర్చుంటారా?" అంది పట్టుకారు.

"నాకు బోర్డు మీటింగుంది."

"అయితే మరీ మంచిది," అని ఆవిడ లోపలికి నడిచి, తలుపు ఆయన మొహం మీదే మెల్లగా వేసేసింది.

పట్టుకారు అసలు పేరు ఆవిడే సంతకానికి తప్ప వాడదు. పోలీసు శాఖలో ఉన్న రోజుల్లో పై అధికారి ఒకాయన తిట్టుగా పెట్టిన పేరది. దేన్నైనా ఒకసారి పట్టుకుంటే వదలదనీ, ఎంత వేడి వస్తువైనా చెయ్యి కాలదనీ ఆయన ఏడుపు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక కూడా ఆ పేరు ఆవిడ వెంటే వచ్చేసింది.

ఈ కేసు పొద్దున్నే ఒక అత్తగారి రూపంలో వచ్చింది. నీళ్ల కంపెనీలో ఫిట్టరు ఒకడు నిన్న చనిపోయాడు. నాలుగో చాంబర్‌లోకి, అంటే పైపుల జాయింట్లుండే లోతైన గోతిలోకి, దిగి, జాయింటు కారకుండా వేసే గాస్కెట్ మారుస్తుండగా వాల్వు తెరుచుకుని నీళ్లు ముంచేశాయి. వాల్వు తెరవమని ఆర్డరిచ్చింది కంట్రోల్ రూమ్ ఆపరేటర్ అని కంపెనీ తేల్చేసింది. ఆ ఆపరేటర్ ఈ అత్తగారి కోడలు.

"మా కోడలికి నోరెక్కువ. రోజుకి నన్ను నాలుగు మాటలంటుంది, నేను ఆరంటాను," అందావిడ కళ్లు తుడుచుకుంటూ. "కానీ కింద మనిషి ఉన్నాడని తెలిసీ నీళ్లు వదిలే రకం కాదమ్మా. దాన్ని బయటికి తెచ్చి పడెయ్యండి. మా తగువు మేం తీర్చుకుంటాం."

కోడల్ని అత్తే నమ్మిందంటే అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదని పట్టుకారు అప్పుడే అనుకుంది. కేసు తీసుకోవడానికి ఆవిడకి ఆ మాట చాలింది.

అది ఒకప్పుడు ఆపరేటర్లు భోజనం చేసే గది. పొడుగాటి బల్ల చుట్టూ పన్నెండు కుర్చీలున్నాయి. చివరి కుర్చీలో ఆపరేటర్ ఒక్కతే కూర్చుని ఉంది. ముప్ఫై దాటని పిల్ల. ఏడ్చి ఏడ్చి కాదు, కోపంతో కళ్లు ఎర్రబడ్డాయి.

"నిన్న పదీ నలభైకి వాల్వు తెరుచుకుంది. ఆ టైముకి నువ్వెక్కడున్నావు?" అంది పట్టుకారు కుర్చీ లాక్కుని.

"వాష్‌రూములో."

"చూసినవాళ్లున్నారా?"

ఆ పిల్ల నవ్వింది. "చూడ్డానికి మనుషులుండాలి కదండీ? షిఫ్టుకి పన్నెండు మందిమి ఉండేవాళ్లం ఈ అంతస్తులో. ఆటోమేషన్ అన్నారు, ఖర్చు తగ్గింపన్నారు, పదకొండు మందిని ఇంటికి పంపేశారు. మిగిలింది నేనూ, ఆ తెరలూ. నేను వాష్‌రూముకి వెళ్లానని ఆ తెరలొచ్చి సాక్ష్యం చెప్పాలి."

"కోపం తర్వాత పడుదువుగాని. ఆ సిస్టం ఏం చేస్తుంది? నాకు తెలీదు, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు."

"అడుగుతుంది. పొద్దస్తమానం అడుగుతూనే ఉంటుంది. ఫలానా చోట ప్రెషర్ తగ్గింది, వాల్వు తెరవనా? పంపు మార్చనా? 'సరే' అని కానీ 'వద్దు' అని కానీ నేను నొక్కాలి. మనిషి ఒప్పుకుంటేనే వాల్వు కదలాలని కంపెనీ లైసెన్సులో రూలుంది. లేకపోతే నన్ను కూడా పంపేసేవాళ్లే."

"నువ్వు ఏదీ నొక్కకపోతే?"

"ప్రశ్న అలాగే తెర మీద ఉంటుందని ట్రైనింగులో చెప్పారు." ఆమె కనుబొమలు ముడివడ్డాయి. "కానీ ఎప్పుడైనా లేచి వెళ్లొచ్చేసరికి తెర ఖాళీగా ఉండేది. అడిగి అడిగి దానికే విసుగొచ్చిందేమోలే అనుకునేదాన్ని."

పట్టుకారు ఆ మాటని వెంటనే పట్టుకుని పక్కన పెట్టుకుంది. "ఫిట్టరు కిందికి దిగుతున్నట్టు నీకు తెలుసా?"

"చేప బాబాయ్ ఫోన్ చేశాడు." చనిపోయినవాణ్ణి అందరూ చేప అనే పిలిచేవాళ్లు. వయసంతా నీళ్లలోనే గడిపిన మనిషి. "'అమ్మడూ, నాలుగులో దిగుతున్నా. నీళ్లు వదిలావో, నీ పెళ్లికి రాను' అన్నాడు. నాకు పెళ్లై ఆరేళ్లయింది మేడమ్. దిగిన ప్రతిసారీ అదే జోకు. పాత బోర్డయితే నాలుగో నంబరుకి ఎర్ర బిళ్ల తగిలించేవాళ్లం. కొత్త తెరకి తగిలించడానికి మేకు కూడా లేదు. 'బాబాయ్ కింద ఉన్నాడు' అని చీటీ రాసి తెర అంచుకి అతికించాను. తర్వాత నాలుగు తెరవనా అని సిస్టం రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వద్దన్నాను."

"రెండుసార్లు వద్దన్నదానివి మూడోసారి సరే అంటావా?"

"అదే నేనూ మొత్తుకుంటున్నాను!" బల్ల మీద ఆమె చెయ్యి చప్పుడైంది. "ఎవరూ వినరే! తెర మీద నా పేరుంది కాబట్టి నేనే చంపానట!"

పట్టుకారు లేచి గాజు గోడ దగ్గరికి వెళ్లింది. అవతల కంట్రోల్ రూమ్. పెద్ద తెర మీద అంకెలు మారుతున్నాయి. ముందున్న కుర్చీ మాత్రం ఖాళీ.

"నిన్ను సస్పెండ్ చేసి ఒక పూటయింది కదా. మరి అక్కడ ఎవరూ లేరేం?"

"ఎవర్ని పెడతారు? అందర్నీ పంపేశారుగా. కొత్తవాళ్లని తీసుకోవడానికి బడ్జెట్టు లేదట."

"తెర పైన మూలన ఆ ఫోటో ఎవరిది?"

ఆపరేటర్ వచ్చి పక్కన నిలబడింది. డ్యూటీలో ఉన్నవారు అన్న అక్షరాల కింద ఆమె ఫోటోయే. పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది.

"నాదే," అంది ఆమె నెమ్మదిగా. "నన్ను పంపేశారు కానీ తీసెయ్యలేదు."

"తీసేస్తే ఆ చోట పెట్టడానికి ఇంకో పేరు లేదమ్మా వీళ్ల దగ్గర," అంది పట్టుకారు. ఆవిడ గొంతులో ఉత్సాహం వచ్చింది. "పద. నాలుగో చాంబర్ చూద్దాం."

తలుపు తీసేసరికి ఎదురుగా నీలం టై కట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు.

"వదినా, ఆవిడ ఈ గది దాటకూడదు," అన్నాడు.

అతను పట్టుకారుకి స్వయానా మరిది. అంతకుముందు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నది చాలనిపించాక పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీలో చేరి టై కట్టాడు. ఆ రోజునుంచీ ఆవిడ అతన్ని టై అనే పిలుస్తుంది. నీళ్ల కంపెనీ తరఫున ఈ చావు మీద రిపోర్టు రాసింది అతనే.

"ఎందుకు దాటకూడదోయ్? నువ్వేమన్నా జైలు తెరిచావా?"

"ఆవిడ ముద్దాయి."

"అయిదింటికి. ఇంకా టైముంది. అప్పటిదాకా నీలాంటి మనిషే. నువ్వూ రా, మేం ఏం దాచేస్తామో అని బెంగ ఉండదు."

"అన్నయ్యకి చెప్తాను."

"చెప్పు. మనిద్దర్లో ఎవరు పెద్ద తలనొప్పో తేల్చుకోలేక ఆయన ఎప్పుడో చేతులెత్తేశాడు," అని ఆవిడ అతని పక్కనుంచి దారి చేసుకుని వెళ్లిపోయింది. టైకి వెంట నడవక తప్పలేదు.

ఆవరణకి అవతల పంపుహౌసు. లోపల నాలుగు పంపులు హోరెత్తిస్తుంటే పక్కవాళ్లతో మాట్లాడాలన్నా అరవాల్సిందే. గోడకి, గాజు పెట్టెలో, మణికట్టంత లావు ఎర్ర లివరు ఒకటి ఉంది. ఊరికి వెళ్లే నీళ్లన్నీ ఒక్కసారిగా ఆపే లివరది. 'అనుమతి లేకుండా ముట్టుకుంటే ఉద్యోగం పోవును' అని దాని కింద బోర్డు. ఆ పక్కనే నేలమీద ఒక పెద్ద ఇనప చక్రం గోడకి ఆనించి ఉంది. దాని ఆకుల మీద రంగు ఒక్కచోట మాత్రం పూర్తిగా అరిగిపోయి ఉంది.

"ఇక్కడ ఇంతలా అరగదీసిందేమిటి?" అని అరిచింది పట్టుకారు.

"చొక్కాలు!" అంది ఆపరేటర్. "వాల్వుని చేత్తో తిప్పే రోజుల్లో ఈ చక్రం నాలుగో వాల్వుకి ఉండేది. కిందికి దిగేవాళ్లు చొక్కా విప్పి దీనికి ముడేసి దిగేవాళ్లు. చొక్కా ఉన్నంతసేపూ చక్రం ఎవరూ ముట్టుకోకూడదు. ముడేసినవాళ్లే వచ్చి విప్పాలి. చీఫ్ ఇంజనీరొచ్చినా సరే, ఇంకొకళ్లు విప్పడానికి లేదు. ఒకసారి చేప బాబాయ్ పనయ్యాక చొక్కా సంగతి మర్చిపోయి బనియనుతోనే ఇంటికెళ్లిపోయాడు. ఆ సాయంత్రం సగం ఊరికి నీళ్లు లేవు. అయినా ముడి ఎవరూ విప్పలేదు. ఇంటికెళ్లి ఆయన్నే తీసుకొచ్చి విప్పించారు."

"అదంతా పాత కథ," అన్నాడు టై. "ఇప్పుడు మోటారుంది. చక్రం లేదు. కట్టడానికి చోటు లేదు కాబట్టి అతను కట్టలేదు. సొంత జాగ్రత్త కూడా తీసుకోలేదని రిపోర్టులో రాశాను."

"రిపోర్టు చదివాను. శవం ఒంటిమీద బనియను మాత్రమే ఉందని కూడా రాశావు. మరి చొక్కా ఏది?"

"ఏంటి?"

"చొక్కా! మనిషి ఇంటి దగ్గర్నుంచి బనియనుతో ఉద్యోగానికి వస్తాడా? విప్పిన చొక్కా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. అతని సంచీలో లేదనీ, చాంబర్లో లేదనీ నువ్వే రాశావు. చొక్కా ఏది?"

టై భుజానికున్న సంచీని ఒకసారి సర్దుకున్నాడు. పట్టుకారు ఆ సర్దుకోవడం చూసింది కానీ, దాని సంగతి అప్పుడే ఎత్తలేదు.

నాలుగో వాల్వు మీద మనిషి నడుమెత్తున మోటారు పెట్టె కూర్చుని ఉంది. దాని కింద ఒక ఇనప కడ్డీ నేలలోకి దిగుతోంది. మోటారు తిరిగితే కడ్డీ తిరుగుతుంది, కడ్డీ తిరిగితే కింద వాల్వు తెరుచుకుంటుంది. పట్టుకారు మోకాళ్ల మీద కూర్చుని కడ్డీని వేలితో రాసింది. మిగతా అన్నిచోట్లా గ్రీజు నల్లగా, దుమ్ముపట్టి ఉంది. మధ్యలో బెత్తెడు మేర మాత్రం పసుప్పచ్చగా, కొత్తగా మెరుస్తోంది.

"ఇక్కడ ఎవరో శుభ్రంగా తుడిచి కొత్త గ్రీజు పూశారు. చావు జరిగిన చోట గ్రీజు పూసే పని ఎవరికొచ్చింది?"

జవాబు కోసం చూడకుండా ఆవిడ పెట్టె అడుగున టార్చి వేసింది. కడ్డీ లోపలికి వెళ్లే సందులో ఏదో తెల్లగా కనిపించింది. జేబులోంచి సన్నపాటి పట్టకారు తీసి ఓపిగ్గా కెలికింది. ఊడి వచ్చింది చిన్న గుండీ. దాన్ని పట్టుకుని ఇంకా రెండు నీలం దారప్పోగులున్నాయి.

ఆపరేటర్ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. "యూనిఫారం గుండీ," అంది. "కట్టాడు... చక్రం లేకపోయినా కట్టాడు!"

"కడ్డీకి కట్టాడు. పాపం, అక్కడ తప్ప చోటు మిగల్చలేదు కదా," అంది పట్టుకారు. చనిపోయిన ఆ ముసలాయన మీద ఆవిడకి గొప్ప గౌరవం కలిగింది. "చొక్కా చూస్తే మనిషి ఆగుతాడు. మోటారుకి కళ్లుంటాయా? చొక్కాతో సహా చుట్టేసుకుని తిరిగింది. ఇదివరకు ఒకళ్లు దిగితే ఒకళ్లు పైన కాపలా ఉండేవాళ్లు. ఆ పైమనిషి కూడా ఖర్చు కిందే పోయాడు కదూ?"

"పోయాడు," అంది ఆపరేటర్.

"నేను దిగి చూస్తాను. ముక్కలేమైనా కింద పడ్డాయేమో."

"అక్కర్లేదు వదినా," అన్నాడు టై గబగబా. "అయినా భయం లేదనుకోండి. ఈ వాల్వుని సిస్టంలో ఆపేయించానని జనరల్ మేనేజర్ చెప్పారు."

"ఎవరిచేత?"

"ఎవరిచేతంటే..."

"ఆపాలన్నా మనిషి నొక్కాలి కదా. ఆ కుర్చీలో మనిషే లేడు. ఎవరు నొక్కారు?"

టై మొహంలో రంగు మారింది. "అయితే అసలే దిగొద్దు."

"ఆ చేప దిగాడు కదా. పైమనిషి కూడా లేకుండా దిగాడు. నాకు మీరిద్దరున్నారు." ఆవిడ ప్యాంటు కాళ్లు పైకి మడుచుకుని చెయ్యి చాపింది. "ఆ టై ఇటివ్వు."

"ఇదా? ఇది మా ఆవిడ కొన్నది!"

"నా తోటికోడలికి నేను చెప్పుకుంటాలే. ఇవ్వవోయ్."

ఆ టైని ఆవిడ స్వయంగా కడ్డీకి రెండు ముళ్లేసి బిగించింది. తర్వాత ఆపరేటర్‌ని మోటారుకి నాలుగడుగుల దూరాన నిలబెట్టి రెండు చేతులూ పైకెత్తించింది.

"నువ్వలాగే ఉండు. మరిదీ, నువ్వు ఈ పిల్ల చేతులే చూస్తూ ఉండు. రెప్ప కూడా వెయ్యొద్దు. వీటితో ఈవిడ ఏం నొక్కుతుందో, ఏం నొక్కదో రేపు కోర్టులో చెప్పాల్సింది నువ్వే."

నిచ్చెన దిగుతుంటే పంపుల హోరు తగ్గి, తడి వాసన ఎక్కువైంది. అడుగున పైపు జాయింటు విప్పినది విప్పినట్టే ఉంది. సగం కూర్చోబెట్టిన కొత్త గాస్కెట్ నోరు తెరుచుకున్నట్టు వేలాడుతోంది. చేప వాడిన స్పానర్ బురదలో పడి ఉంది. పట్టుకారు దాన్ని తీసి నడుముకి దోపుకుంది. టార్చి వెలుగులో నిచ్చెన మొదట్లో ఒక నీలం గుడ్డముక్క కనిపించింది. కాలరు చివర అది. వంగి అందుకుంది.

సరిగ్గా అప్పుడే పైన మోటారు గుయ్యిమంది.

ముందు ఆవిడకి అర్థం కాలేదు. తర్వాత పైపులోంచి చల్లటి గాలి మొహాన కొట్టింది. ఆ గాలి వెనకే నీళ్లు వచ్చాయి. తలుపు బద్దలు కొట్టుకుని వచ్చినట్టు వచ్చి కాళ్లు రెండూ ఒక్క దెబ్బకి ఊడలాగేశాయి. ఒక చేత్తో నిచ్చెన దొరికింది. రెండో చెయ్యి గుడ్డముక్కని వదల్లేదు.

"ఎర్ర బటన్! మోటారు మీద ఎర్ర బటన్ నొక్కండి!" పైన ఆపరేటర్ అరుపు.

మోటారు ఆగింది. నీళ్లు ఆగలేదు. సగం తెరుచుకున్న వాల్వు సగంలోనే నిలిచిపోయింది. నడుము దాటి, ఛాతీ దాటి గొంతు దగ్గరికొస్తున్న నీళ్లలో పట్టుకారు ఒక్కో మెట్టూ కసిగా ఎక్కింది. చచ్చినా సరే ఈ కంపెనీ గోతిలో మాత్రం చావకూడదని ఆ క్షణంలో ఆవిడకి పట్టుదల వచ్చింది. పైనుంచి నాలుగు చేతులు ఆవిడ కాలరు పట్టి బయటికి ఈడ్చాయి.

నీలం టై సగం మోటారు నోట్లో ఉంది. మిగతా సగం కడ్డీకి మెలిపడి గ్రీజులో నల్లబడింది.

"మరిదీ," అంది పట్టుకారు దగ్గు ఆపుకుంటూ. "ఈ పిల్ల చేతులు చూశావా?"

"చూశాను," అన్నాడతను. "పైకే ఉన్నాయి. మోటారు మొదలైనప్పుడు పైకే ఉన్నాయి."

"ఇప్పుడు ఆ పెట్టె మీద చిన్న తెర చదువు."

అతను వంగి చదివాడు. మళ్లీ చదివాడు. వాల్వు నాలుగు తెరవబడినది. సరే అన్నవారు, డ్యూటీ ఆపరేటర్. ఆ కింద, ఎదురుగా చేతులెత్తి నిలబడ్డ పిల్ల పేరే ఉంది.

"నేను ఇక్కడుంటే అక్కడ సరే అన్నదెవరు?" అంది ఆపరేటర్. ఆమె గొంతు పంపుల హోరుని దాటి వినిపించింది.

"ఖాళీ కుర్చీ," అంది పట్టుకారు. "నిన్నా అదే అంది. అది అడుగుతుంది, కాసేపు చూస్తుంది, జవాబు రాకపోతే తనే సరే అనేసుకుని ఎవరి ఫోటో ఉంటే వాళ్ల పేరు రాసేస్తుంది. నువ్వు తిరిగొచ్చేసరికి తెర ఖాళీగా ఉండేది అందుకు. విసుగొచ్చి కాదు."

"అరనిమిషం," అన్నారెవరో వెనకనుంచి.

జనరల్ మేనేజర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మోటారు ఆపేసరికి ఆయన ఫోనుకి అలారం వెళ్లినట్టుంది, చేతిలో అది ఇంకా మోగుతోంది. తడిసి ముద్దయిన డిటెక్టివుని చూసి ఆయన కంగారుపడలేదు. అదే పట్టుకారుకి ఒళ్లు మండించింది.

"అరనిమిషంలో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఒక్క మనిషి రోజుకి అన్ని వేల ప్రశ్నలకి జవాబు చెప్పగలదా? పని ఆగకూడదు కదా. మౌనం అర్ధాంగీకారం అని పెద్దవాళ్లే అన్నారు."

"మౌనంగా ఉండటానికి కూడా ఒక మనిషి ఉండాలండీ," అంది పట్టుకారు. "మీరు మనిషిని తీసేసి పేరొక్కటీ ఉంచుకున్నారు. లైసెన్సుకి చూపించడానికి ఒక పేరు, తప్పు జరిగితే జైలుకి పంపడానికి అదే పేరు. ఎంత పొదుపండీ!"

"మీరు ఎంత గొంతు చించుకున్నా ఆలస్యమైపోయింది. బోర్డు ముందే సంతకాలు చేసింది. పావుగంట నుంచి ఊళ్లోని అన్ని స్టేషన్లూ ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి."

ఆపరేటర్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. "అన్నీనా? పదకొండో చాంబర్ వాల్వు కూడానా?"

"అన్నీ."

"పదకొండో చాంబర్లో ఇద్దరున్నారు! చేప బాబాయ్ చెయ్యాల్సిన గాస్కెట్ల పనే అది. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి మరీ దిగారు, సాయంత్రందాకా పైకి రారు. సాయంత్రం సప్లైకి ఆ వాల్వు తెరవనా అని సిస్టం ఇప్పుడే అడుగుతుంది!" ఆమె అప్పటికే ఫోన్ చేస్తోంది. అవతల మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. దిగేటప్పుడు ఫోన్లు సంచుల్లో పెట్టి దిగుతారు.

"వెళ్లి వద్దని నొక్కండి," అంది పట్టుకారు జనరల్ మేనేజర్‌తో.

ఆయన మొదటిసారి తడబడ్డాడు. "నాకు... ఆ తెర నాకు తెరుచుకోదు. ఆమె కార్డు పొద్దున్న రద్దు చేశాం. సిస్టం పెట్టినవాళ్లని పిలిపించాలి. ఒక గంట..."

మాట పూర్తికాకముందే పట్టుకారు నడుమునుంచి స్పానర్ మాయమైంది. ఆపరేటర్ దాన్ని లాక్కుని ఎర్ర లివరు దగ్గరికి పరుగెత్తింది.

"ఆగు! ఊరంతా నీళ్లాగిపోతాయి! నువ్వు ఇప్పటికే ఒక చావు కేసులో ఉన్నావు! దీనికి ఎవరు జవాబు చెప్తారు?" అని అరిచాడు జనరల్ మేనేజర్.

ఆమె వెనక్కి తిరిగింది.

"నేనే చెప్తాను. నిన్న నేను చెయ్యనిదానికి నా పేరు రాసుకున్నారు కదా? ఇది నేను చేస్తున్నాను. చూసి మరీ రాసుకోండి. నా పేరు మీదే రాసుకోండి!"

స్పానర్ దెబ్బకి గాజు జలజలా రాలింది. ఆమె లివరుని రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి లాగేసింది.

ఒకటో పంపు ఆగింది. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. అప్పటిదాకా అరుచుకుంటున్న నలుగురికీ తమ ఊపిరి తమకే పెద్దగా వినిపించింది. చాంబర్లో సుళ్లు తిరుగుతున్న నీళ్లు మెల్లగా సద్దుమణిగాయి.

"సరే, ఆపావు," అన్నాడు జనరల్ మేనేజర్ గొంతు తగ్గించి. "రెండు నిమిషాలు చూసి మళ్లీ ఎత్తేద్దాం. జరగు." ఆయన లివరు మీదికి చెయ్యి చాపాడు.

ఆ చేతికి టై అడ్డం వచ్చాడు. మెడలో టై లేకపోయేసరికి అతను పాత మనిషిలా కనిపించాడు. సంచీ తెరిచి లోపలినుంచి ఒక నీలం చొక్కా తీశాడు. దానికి ఒక చెయ్యి చిరిగి ఊడిపోయింది. ఒంటినిండా గ్రీజు, కత్తెరతో కోసిన గుర్తులు.

"నిన్న కడ్డీ నుంచి నేనే కోసి తీసి గ్రీజు పూశాను వదినా," అన్నాడు తలెత్తకుండా. "కేసుకి సంబంధం లేదు, పారెయ్యండి అన్నారీయన. రిపోర్టులోంచి తీసేశాను కానీ, పారెయ్యడానికి చేతులు రాలేదు."

పట్టుకారుకి అతన్ని తిట్టడానికి ఇంట్లో బోలెడు టైముంది. చొక్కా అందుకుని ఆపరేటర్ చేతికిచ్చింది.

ఆమెకి చెప్పక్కర్లేకపోయింది. మిగిలిన ఆ ఒక్క చేతినీ లివరుకి చుట్టి, పళ్లతో బిగించి గట్టిగా ముడేసింది. ఆ ముడి బిగిస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

ఫోన్ మోగింది. ఆమె స్పీకరు నొక్కింది.

"అమ్మడూ, పదకొండు నుంచి! కొంపలంటుకున్నాయే! నీళ్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. మెడ దాకా వచ్చి ఆగిపోయాయి. నేను పైకొచ్చిపడ్డాను. నాతో దిగినవాడింకా కిందే ఉన్నాడు, కాలు ఇరుక్కుంది, మళ్లీ దిగి తీస్తాను. ఎవరు ఆపారే?"

"నేనే బాబాయ్. మీరు తాపీగా రండి. ముడేశాను."

"ముడేశావా? అయితే సరే," అని ఆ గొంతు ధైర్యం తెచ్చుకుంది.

పంపుహౌసు బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి, తడిసిన పట్టుకారునీ, పగిలిన గాజునీ, లివరుకి వేలాడుతున్న చిరిగిన చొక్కానీ మార్చి మార్చి చూశాడు.

"ఊళ్లో నీళ్లాగిపోయాయని వైర్‌లెస్‌లో ఒకటే గోల. ఆ లివరు ముందు పైకెత్తండి. ఆపరేటర్ ఎవరు? అరెస్టు చెయ్యాలి."

"నేనే," అంది ఆమె రెండు చేతులూ ముందుకి చాపి. "పదండి."

"ఆపరేటర్ని తీసుకెళ్లేముందు నా వాంగ్మూలం రాసుకోవాలి సార్," అన్నాడు మరిది.

"అదంతా తర్వాత. ముందు నీళ్లు." ఇన్‌స్పెక్టర్ ముడి మీద చెయ్యి వేశాడు.

"దాన్ని ముట్టుకోకండి," అంది పట్టుకారు. ఆవిడ గొంతు పెద్దది కాలేదు, కానీ ఆ చెయ్యి ఆగిపోయింది. "అటు పదకొండో గోతిలో ఒక మనిషి ఇంకా నీళ్లలోనే ఉన్నాడు. పైగా ఇక్కడొక పద్ధతుందండీ. ముడి ఎవరు వేస్తే వాళ్లే విప్పాలి."

ఆవిడ జుట్టు పిండుకుని, ఒలికిన నీళ్లలోనే నేలమీద తీరిగ్గా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి. ఈ అమ్మాయిని తీసుకెళ్తారా?"